ఒళ్ళు నొప్పి పుట్టకపోతే ఆ రోజు వ్యాయామం వృథాయేనా?

ఆమదాలవలస కుర్రాడు:
కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాను. పొద్దున పరుగు, సాయంత్రం జిమ్. మొదటి రెండు వారాలు తొడలు పట్టేసి కింద కూర్చుంటే లేవలేకపోయాను. ఇప్పుడు మూడో నెల, నొప్పి అన్నదే లేదు. మొన్న మా ట్రైనర్ "నొప్పి రాలేదంటే నువ్వు కండని తాకనే లేదు" అని స్క్వాట్లు రెట్టింపు చేయించాడు. ఇవాళ 1600 మీటర్ల పరుగు సగంలో ఆపేసి గట్టు మీద కూర్చున్నాను. నిజంగా నొప్పే కొలతా? తెలిసినవాళ్ళు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

రాజాం నుంచి:
నేను ట్రైనర్ పక్షమే. పదేళ్ళుగా బరువులు ఎత్తుతున్నాను. ఛాతీకి చేసిన మర్నాడు చొక్కా తొడుక్కోవడం కష్టమైతేనే నాకు తృప్తి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు మనవాడే కదా, ఒళ్ళు దాచుకుని అంత బలం సంపాదించాడంటారా? ఈ రోజుల్లో కుర్రాళ్ళకి కష్టం తగలకుండా కండలు కావాలి.

నెల్లిమర్ల, వ్యాయామ ఉపాధ్యాయుడిని:
రాజాం తమ్ముడూ, కష్టం వేరు, మర్నాటి నొప్పి వేరు. సెట్ చివర చేతులు వణకడం, ఇంక ఒక్కటి కూడా లేవదు అనిపించడం కష్టం. అది ఉండాలి, దాని విషయంలో నేనూ పిల్లల్ని వదలను. ఈ అబ్బాయి అడిగింది మర్నాడు మొదలై, రెండో రోజుకు ముదిరి, తర్వాత తగ్గిపోయే నొప్పి గురించి.

లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయి ఈ నొప్పి వస్తుందని మేం చదువుకునేటప్పుడు చెప్పేవారు. అది తప్పు. వ్యాయామం ఆపిన గంట, గంటన్నరకే ఆ ఆమ్లం రక్తంలోంచి తగ్గిపోతుంది. అలవాటు లేని పని చేసినప్పుడు, అందులోనూ కండ సాగుతూ బరువును ఆపినప్పుడు, పోగుల్లో కంటికి కనపడనంత చిన్న దెబ్బలు తగిలి, చుట్టూ వాపు వస్తుంది. నొప్పికి కారణం కండ లోపలి చిరుగులేనని థియొడోర్ హఫ్ అనే అమెరికన్ 1902లోనే రాశాడు.

ఒకసారి మా పిల్లల్ని శాలిహుండం కొండ దగ్గర పదిసార్లు ఎక్కించి దింపాను. ఎక్కేటప్పుడు అందరూ రొప్పారు. దిగేటప్పుడు నవ్వుకుంటూ దిగారు. రెండో రోజు బడికి వచ్చినవాళ్ళు మెట్టు మీద కాలు పెట్టి "తొడ ముందంతా సలుపుతోంది మాస్టారూ" అన్నారు. ఆ నొప్పి ఎక్కువగా తెచ్చిపెట్టింది దిగడమే. అడుగడుగునా తొడ కండ సాగుతూ ఒంటి బరువును ఆపాలి కాబట్టి.

మన ఉభాలే చూడండి. మొదటి రోజు నడుం వంచి నాట్లు వేసిన ఆడవాళ్ళు రాత్రి పక్క మీద ఒత్తిగిల్లలేరు. పది రోజులు గడిచేసరికి అదే మడి, అదే వంగడం, నొప్పి మాత్రం బాగా తగ్గిపోతుంది. వాళ్ళు పని తక్కువ చేస్తున్నారంటామా? కండ ఆ పనికి అలవాటు పడింది. ఒక్కసారి చేసిన వ్యాయామం కూడా వారాల తరబడి అలా కాపాడుతుంది.

ఇంకో సంగతి. మా దగ్గర కొండవెలగాడ పిల్లలు బరువులెత్తడంలో పేరు తెచ్చుకున్నారు. స్నాచ్‌లోనైనా, క్లీన్ అండ్ జెర్క్‌లోనైనా బరువు తలపైకి లేపాక నేలకు వదిలేస్తారు, నెమ్మదిగా దించరు. అందుకే ఆ లిఫ్టుల వల్ల నొప్పి తక్కువ. మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండూ కలిపి 240 కిలోలు ఎత్తింది ఆ లిఫ్టులతోనే. అటు మారథాన్ పరుగెత్తినవాళ్ళకి కాళ్ళు కదపలేనంత నొప్పి వస్తుంది, తొడలు మాత్రం లావెక్కవు.

బాబూ, నీ కొలత నోటుబుక్కులో ఉంది. కిందటి నెల ఎంత బరువుతో ఎన్నిసార్లు కూర్చుని లేచావు, 1600 మీటర్లకి ఎంత టైం పట్టింది, అవి రాసుకో.

సోంపేట, ఆస్పత్రిలో నర్సుని:
మాస్టారు చెప్పింది నిజం. ఒక్క మాట కలుపుతాను, దయచేసి అందరూ చదవండి. నొప్పి కోసమని అలవాటు లేకుండా ఒక్కసారే విపరీతంగా చేస్తే కండ కరిగి ఆ పదార్థం రక్తంలో కలవొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారినా, కాళ్ళు విపరీతంగా ఉబ్బినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. ఒళ్ళు నొప్పికి డాక్టరుని అడక్కుండా నొప్పి బిళ్ళలు మింగకండి, ఎండలో చెమటోడ్చి నీళ్ళు తాగని రోజున అసలే వద్దు. ఉద్దానంలో ఎన్ని ఇళ్ళలో డయాలసిస్ మాట వినిపిస్తుందో నేను రోజూ చూస్తున్నాను.

రాజాం నుంచి:
నర్సమ్మగారి మాట తీసుకుంటాను, ఆ బిళ్ళలు నేనూ వేసుకునేవాణ్ణి, మానేస్తాను. కొత్త వ్యాయామం మొదలుపెట్టినప్పుడు కాస్త పట్టేస్తే పని తగిలినట్టే అని మాత్రం ఇప్పటికీ అంటాను.

నెల్లిమర్ల, వ్యాయామ ఉపాధ్యాయుడిని:
తగిలినట్టే తమ్ముడూ, కాదనను. కొత్త పని అని చెబుతుంది, అంతవరకే. ప్రతి వారం అదే నొప్పి కావాలంటే ప్రతి వారం కొత్త పని వెతుక్కోవాలి. అప్పుడు ఏ బరువూ పెరగదు.

ఆమదాలవలస కుర్రాడు:
మాస్టారూ, మొదటి నెల స్క్వాట్ 30 కిలోలు, ఇప్పుడు 55. పరుగు అప్పుడు 8 నిమిషాల 40 సెకన్లు, పోయిన వారం 7 నిమిషాల 20. ఇన్నాళ్ళూ ఈ లెక్క చూసుకోలేదు. రెండు రోజులు నడక మాత్రమే చేసి సోమవారం మళ్ళీ టైం పెట్టుకుని పరుగెత్తుతాను. ఎంతొచ్చిందో ఇక్కడే రాస్తాను.