అప్‌డేట్: చెరువు గట్ల మీద మెష్ వైఫై, ఛానెళ్ల గొడవ

ఆకివీడు దగ్గర మా రొయ్యల చెరువుల మెష్‌లో (ఒక వైఫై పెట్టె నుంచి ఇంకోదానికి సిగ్నల్ అందించుకుంటూ పోయే నెట్‌వర్క్‌లో) చివరి షెడ్డు కెమెరా, ఆక్సిజన్ మీటరు మాటిమాటికీ ఆగిపోతున్నాయని అడిగాను కదా. అప్పుడు నోడ్లన్నీ, అంటే ఆ వైఫై పెట్టెలన్నీ, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకే దారి, ఛానెల్ 6 మీదే ఉన్నాయి. ఒకే రేడియోతో అందుకుని, మళ్లీ దానితోనే ముందుకు పంపాలి. అందుకే ప్రతి హాప్‌కీ (ఒక నోడ్ నుంచి పక్క నోడ్‌కి దూకే ప్రతిసారీ) వేగం దాదాపు సగానికి పడిపోయేది.

నోడ్‌కో ఛానెల్ ఇచ్చేయమని ఒకరన్నారు. ఒకే రేడియో ఉంటే అది కుదరదండి. ఛానెల్ మారిస్తే పక్క నోడ్ మాట వినపడదు.

చివరికి నోడ్ల మధ్య లింకులను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాం, మధ్య స్తంభాల మీద రెండేసి రేడియోలతో. లింకులకు వరుసగా 36, 149, 48 ఛానెళ్లు ఇచ్చాం. ఒకే స్తంభం మీద 36, 40 లాంటి ఇరుగుపొరుగు ఛానెళ్లు పెడితే ఒకదాని అరుపు రెండోదాని చెవిలో పడుతుంది, అందుకే అంత ఎడం. మూడో లింకుకి మళ్లీ 36 ఇవ్వలేదు, ఎందుకంటే చదునైన నీళ్ల మీద సిగ్నల్ రెండు హాప్‌ల అవతలికీ వినపడుతోంది. 52 నుంచి 144 వరకు ఛానెళ్లు వదిలేశాం, అవి రేడార్లు కూడా వాడేవి. రేడార్ అనుమానం వస్తే రేడియో ఛానెల్ ఖాళీ చేసి పోతుంది, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళ ఆ టెన్షన్ మనకెందుకు?

కెమెరాలు, మీటర్లకు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే 1, 6, 11 ఛానెళ్లు పంచాం. ఇప్పుడు చివరి షెడ్డు వీడియో ఆగట్లేదు.

కొబ్బరిచెట్ల మధ్య నుంచి పోయే లింకు మాత్రం వాన పడితే నీరసిస్తోంది. అది ఛానెల్ మార్చితే పోయేది కాదు, స్తంభం ఎత్తు పెంచాలి.