కర్ణుడి జెండా మీద ఉన్నది శంఖమా, ఏనుగు మోకా? (‘కాంచనమయ వేదికా’ పద్యంలో ఒక్క మాట)

జమ్మిచెట్టు:
‘నర్తనశాల’లో ఉత్తర గోగ్రహణ ఘట్టం. అర్జునుడు కౌరవ వీరుల్ని జెండా గుర్తులతో ఉత్తరుడికి ఒక్కొక్కరినే చూపించే సీసం. ద్రోణుడు, అశ్వత్థామ, కృపుడు, ఈ ముగ్గురి దగ్గరా పేచీ లేదు. నాలుగో పాదమే నన్ను వదలడం లేదు. ‘లలిత... ప్రభాకలిత పతాకా విహారంబువాడు రాధాత్మజుండు’. మధ్యలో ఉన్నది కంబువా, కుంభమా? ఘంటసాల గొంతులో ‘కంబు’ అనే వినిపిస్తోంది. అదే నిజమైతే కర్ణుడి జెండా మీద శంఖం ఉండాలి. వ్యాసుడు కర్ణుడికిచ్చింది హస్తికక్ష్య, అంటే ఏనుగు మోకు కదా. మార్చింది సినిమావాళ్లా, తిక్కనగారా?

సీసమాలిక:
మాట మార్చింది సినిమా కాదండీ. సముద్రాల రాఘవాచార్యులు తిక్కన పద్యాన్ని ఉన్నదున్నట్టుగానే ఉంచారు. మొత్తం ఇస్తున్నాను, అందరూ ఒకే పాఠం మీద మాట్లాడుకోవచ్చు.

కాంచనమయ వేదికా కనత్కేతనో
జ్జ్వల విభ్రమమువాఁడు కలశజుండు
సింహలాంగూల భూషిత నభోభాగ కే
తు ప్రేంఖణమువాఁడు ద్రోణసుతుఁడు
కనకగోవృష సాంద్రకాంతి పరిస్ఫుట
ధ్వజ సముల్లాసంబువాఁడు కృపుఁడు
లలితకంబుప్రభాకలిత పతాకావి
హారంబువాఁడు రాధాత్మజుండు
మణిమయోరగ రుచిజాల మహితమైన
పడగవాఁడు కురుక్షితిపతి, మహోగ్ర
శిఖర ఘనతాళతరువగు సిడమువాఁడు
సురనదీసూనుఁ డేర్పడఁ జూచికొనుము

‘కుంభ’ అన్నా గణాలు చెడవు, కాబట్టి ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. ముద్రిత పాఠం మాత్రం కంబువే.

వెండితెర:
ఒక్క పద్యం చెక్కుచెదరలేదని సినిమా మూలాన్ని అంటిపెట్టుకుని ఉందనుకోకూడదు. 1963 నాటి ఆ చిత్రంలో అభిమన్యుడూ ఉత్తరా ముందే ప్రేమలో పడతారు, వాళ్లకో యుగళగీతం కూడా ఉంది. భారతంలో అభిమన్యుడు అజ్ఞాతవాసం ముగిశాక పెళ్లికి వస్తాడు. విరాటుడు కూతుర్ని ఇస్తానంటే, శిష్యురాలు బిడ్డతో సమానమని చెప్పి అర్జునుడు ఆమెను కోడలిగా అడుగుతాడు. ‘ఏడాదిపాటు అంతఃపురంలో ఆమెతో మెలిగినవాణ్ణి, లోకం ఏమనుకుంటుంది’ అనే జాగ్రత్త ఆ మాటలో ఉంది. ప్రేమకథ ముందే నడిపిస్తే పెళ్లి తీయగా ఉంటుంది కానీ అర్జునుడి నిర్ణయానికి ఆ బరువు ఉండదు. కమలాకర కామేశ్వరరావుగారి చిత్రమంటే నాకెంతో గౌరవం. అయినా ఈ మార్పు వల్ల పోయింది చిన్నది కాదు.

జమ్మిచెట్టు:
అవునండీ, కానీ కంబు సంగతి?

పాతప్రతి:
కంబు ఒక్కటే కాదు. ఈ పద్యంలోని గుర్తుల్ని సంస్కృత విరాటపర్వంతో సరిచూస్తే చాలావరకు కలవవు. అక్కడ ద్రోణుడి జెండా మీద బంగారు కమండలువు, అశ్వత్థామకు ధనుస్సు, దుర్యోధనుడికి నాగం, కర్ణుడికి నాగకక్ష్య, భీష్ముడికి నీలి జెండా మీద ఐదు తారలు. తిక్కన చెప్పిన వేదిక, సింహలాంగూలం భీష్మపర్వంలో వ్యూహవర్ణన దగ్గర ఉన్నాయి, బంగారు గోవృషం ద్రోణపర్వంలో జెండాల అధ్యాయంలో ఉంది. భీష్ముడి తాళం కూడా భీష్మపర్వంలోదే: ‘తాలేన మహతా భీష్మః పంచతారేణ కేతునా’. తాటిచెట్టూ ఐదు తారలూ ఒకే జెండాలో కలిశాయి చూడండి. నా ఉద్దేశంలో తిక్కన యుద్ధపర్వాలు ముందుంచుకునే ఈ పద్యం కట్టారు. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలూ తానే రాయాల్సినవారు. ఇక్కడ ఒక గుర్తు, కురుక్షేత్రంలో ఇంకో గుర్తు ఉంటే కుదరదని ముందే సర్దారు.

అరసున్న:
అంత గట్టిగా చెప్పలేం, పాతప్రతి గారూ. మీరు చూపిస్తున్నది ఔత్తరాహ (ఉత్తరాది) పాఠానికి దగ్గరైన ప్రతి. తిక్కన చేతిలో ఉన్నది దాక్షిణాత్య పాఠం. ఆ సర్దుబాటు అక్కడే జరిగి ఉండవచ్చు. పోల్చవలసింది మన దక్షిణాది ప్రతులతో.

పాతప్రతి:
సర్దుబాటు ఎవరు చేశారన్నది మీరన్నట్టు తెరిచే ఉంచుదాం. కానీ వరుస మారడం గమనించారా? సంస్కృతంలో అర్జునుడు మొదట చూపించేది కృపుణ్ణి. కర్ణుణ్ణి ఒకసారి తరిమికొట్టాక, రథం కృపుడి వైపు తోలమని చెప్పే సందర్భం అది. కాబట్టి అక్కడ జెండా వర్ణన అంతా సారథికిచ్చే దారిగుర్తు. తిక్కన ద్రోణుడితో మొదలుపెట్టి భీష్ముడితో ముగించారు. గురువుతో ఎత్తుగడ, పితామహుడితో ముగింపు. అది మర్యాద వరుస.

సీసమాలిక:
మర్యాదతో పాటు నడక కూడా. తడబడే చోట్లు చెబుతాను, పాడేవాళ్లకు పనికొస్తుంది. రెండో పాదంలో ‘కేతు ప్రేంఖణము’ సమాసం. పాదం సగం ‘భాగకే’ దగ్గర తెగుతుంది, ఆ తర్వాతి గణం ‘తుప్రేంఖ’. సమాసంలో ‘ప్రే’ ముందున్న ‘తు’ గురువవుతుంది, తగణం సరిపోతుంది. అర్థం కోసం ‘కేతు’ అని ఊపిరి తీసుకుని ‘ప్రేంఖణము’ ఎత్తుకుంటే ‘తు’ లఘువై జగణం వస్తుంది. అక్కడ రావలసింది ఇంద్రగణం, జగణం ఇంద్రగణం కాదు, నడక అక్కడే కుంటుతుంది. మూడో పాదంలో ‘పరిస్ఫుట ధ్వజ’ దగ్గర ఆగినా రగణం భగణమవుతుంది అంతే, రెండూ ఇంద్రగణాలే కాబట్టి చెవికి తెలియదు. మొదటి పాదంలో ‘కలశజుండు’ బదులు ‘కుంభజుండు’ అనేవాళ్లున్నారు. అది తప్పు. అక్కడున్నది ప్రాసయతి (యతిస్థానంలో మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం), ‘జ్జ్వల’కు ‘కలశ’. ‘కుంభ’ పెడితే యతి పోతుంది.

అరసున్న:
కర్ణుడి పాదంలో కూడా మొదటి సగానిది ప్రాసయతే, ‘లలిత–కలిత’. రెండో సగంలో మాత్రం ‘హారంబు’లోని ‘హా’కు ‘రాధా + ఆత్మజ’ సంధిలో దాగిన ‘ఆ’తో యతి. ఒకే పాదంలో రెండు రకాలు, రెండూ పైకి కనిపించనివి. పాడేటప్పుడు ‘రాధాత్మజుండు’లో ‘ధా’ను కాస్త నిలిపితే ఆ యతి వినబడుతుంది.

జమ్మిచెట్టు:
యతి ‘లలి–కలి’ మీద నిలిస్తే, మధ్యలో ‘కంబు’ ఉన్నా ‘కక్ష్య’ ఉన్నా యతికి పట్టింపు లేదన్నమాట. ‘లలితకక్ష్యప్రభాకలిత’ అన్నా గణం సరిపోతుంది కదా? అసలు తిక్కన రాసింది ‘కక్ష్య’యేనేమో. తెలియని మాట కనిపించి లేఖకుడు దిద్దాడేమో.

పాతప్రతి:
గణం సరిపోతుంది, నిజం. కానీ లేఖక ప్రమాదం జరగాలంటే అక్షరాల పోలిక ఉండాలి, లేదా ఉచ్చారణ దగ్గరగా ఉండాలి. ‘క్ష్య’ సంయుక్తం ‘ంబు’ కావడానికి ఆ రెండూ లేవు. పైగా ‘లలిత’ అనే విశేషణం మోకుకు అతకదు. ప్రతి ఆధారం లేకుండా పాఠం దిద్దితే రేపు ఎవరైనా ‘మణిమయోరగ’ను కూడా దిద్దుతారు. ‘మణిమయద్విప’ అన్నా గణం సరిపోతుంది మరి!

వెండితెర:
దుర్యోధనుడి జెండా మీద ఏనుగు ఎందుకుంటుందండీ? మన నాటకాల్లో, హరికథల్లో, సినిమాల్లో రారాజు పాముజెండా వాడే.

పాతప్రతి:
అసలు తగవంతా అదే. మూలంలో ‘నాగో మణిమయో ధ్వజః’ అని ఉంది. నాగం పామూ కావచ్చు, ఏనుగూ కావచ్చు. ‘గజేఽపి నాగమాతంగౌ’ అన్నాడు అమరకోశం రాసిన అమరసింహుడు. హస్తినాపురపు రాజు జెండా మీద ఏనుగు ఉండడం అసహజమేమీ కాదు, ఇంగ్లీషు అనువాదంలో ఏనుగనే తీసుకున్నారు. తిక్కన ‘ఉరగ’ అనేసరికి తెలుగువాళ్లకు సందేహం లేకుండా పోయింది.

అరసున్న:
సందేహం తీర్చడానికే ‘ఉరగ’ అన్నారని నేననుకోను. ఆ తర్వాతి మాట చూడండి: ‘పడగవాఁడు’. పడగ అంటే జెండా, పడగ అంటే పాము విప్పేది కూడా. మణులు మెరిసే పాము, దాని పడగ. ఏనుగును ఎంచుకుంటే ఈ శ్లేష దక్కదు. సంస్కృతంలో ఎంత వెతికినా దొరకని సొగసు ఇది, తెలుగు మాటలోనే ఉంది. ఇంకొకటి. ఆరుగురు వీరులకు ఆరు జెండా పేర్లు: కేతనము, కేతువు, ధ్వజము, పతాక, పడగ, సిడము. ఒక్కటీ రెండోసారి రాలేదు. సీసంలో నాలుగూ సంస్కృత పదాలు, తేటగీతిలోకి దిగగానే రెండూ తెలుగు పదాలు. ‘పతాక’కు వికృతి అయిన ‘పడగ’ సరిగ్గా పతాక తర్వాతే వస్తుంది. తిక్కనకు ఉభయ కవిమిత్రుడని ఊరికే పేరు రాలేదు.

సీసమాలిక:
శ్లేష నాకూ ఇష్టమే. కానీ ‘పడగ’ ఉన్నచోట ‘క్షితిపతి’లోని ‘ప’తో యతి కుదరాలి. ‘పతాక’ అప్పటికే వాడేశారు, జెండా అర్థంలో ‘ప’తో మిగిలిన మాట పడగే. ‘సిడము’ కూడా ‘శిఖర’తో యతికి వచ్చింది. యతి అవసరమే ఈ మాటల్ని తెచ్చిందేమో ఆలోచించండి.

అరసున్న:
యతికి రెండు చివరలుంటాయి కదండీ. ‘కురుక్షితిపతి’ బదులు ‘కురునృపతి’ అనో ‘రాజరాజు’ అనో వేరే కట్టడం తిక్కనకు కష్టమా? ‘పడగ’ కావాలనుకున్నారు, ‘పతి’ని తెచ్చుకున్నారు. అటునుంచి చూడాలి.

వెండితెర:
సినిమాకు సంబంధించి ఒక మాట. పుస్తకంలో ఉత్తరుడికి ముఖాలు కనబడవు. ధూళిలో, దూరంలో కనిపించేవి జెండాలే. అందుకే పద్యంలో ఒక్క వీరుడి రూపు కూడా లేదు, ఎవరి గడ్డమూ ఎవరి కిరీటమూ చెప్పలేదు. తెరకు ఆ ఇబ్బంది లేదు, కెమెరా ముఖాన్ని దగ్గరగా చూపించగలదు. ముఖం కనబడ్డాక జెండా గుర్తు అలంకారంగా మిగులుతుంది, సమాచారం కాదు. కర్ణుడి జెండా మీద ఏముందో ఇన్నేళ్లుగా ప్రేక్షకులెవరికీ పట్టకపోవడానికి కారణం ఇదే. పుస్తకం మాత్రమే చదివేవాడు ‘కంబు’ దగ్గర ఆగక తప్పదు.

సీసమాలిక:
ఇది చాలా మంచి మాట. ఇదే పర్వంలో ఇంకో జెండా సంగతి కూడా ఉంది. యుద్ధానికి ముందు అర్జునుడు ఉత్తరుడి రథం మీదున్న సింహధ్వజాన్ని తీసి జమ్మిచెట్టు మొదట్లో పెట్టి, కపిధ్వజం ఎత్తుతాడు. జెండా మారితేనే మనిషి ఎవరో శత్రువులకు తెలుస్తుంది. ఆ ఘట్టం ఉంది కాబట్టే ‘కాంచనమయ’ పద్యానికి అంత బలం.

జమ్మిచెట్టు:
కంబు శబ్దానికి నిఘంటువుల్లో శంఖంతో పాటు ఏనుగు అనే అర్థం కూడా ఉంది. వలయం అనీ ఉంది. ఏనుగు అని తీసుకుంటే మూలంలోని హస్తికి దగ్గరవుతాం కదా?

పాతప్రతి:
హస్తి దొరుకుతుంది, కక్ష్య పోతుంది. గుర్తు ఏనుగు కాదు, ఏనుగు నడుముకు బిగించే మోకు. ద్రోణపర్వంలో స్పష్టంగా ‘హస్తికక్ష్యా పునర్హైమీ’ అని ఉంది, బంగారు మోకు. కర్ణార్జున యుద్ధంలో అర్జునుడి జెండా మీది కపి దూకి ఆ కక్ష్యను గోళ్లతో, పళ్లతో చీలుస్తుంది, గరుత్మంతుడు పామును పట్టినట్టు. మోకు కాబట్టే పాముతో పోలిక కుదిరింది.

అరసున్న:
అయితే ‘వలయం’ అర్థమే పట్టుకోండి. ఏనుగు చుట్టూ తిరిగే బంగారు కట్టు వలయమే. ‘లలిత’మూ సరిపోతుంది, ‘ప్రభ’ కూడా సరిపోతుంది. పాఠం దిద్దకుండానే కక్ష్య వచ్చేస్తుంది.

పాతప్రతి:
పొందికగానే ఉంది. కానీ కంబువు విన్న తెలుగు శ్రోతకు మొదట తోచేది శంఖమే, కంబుకంఠి అన్నప్పుడూ అంతే. అందరికీ తెలిసిన అర్థాన్ని తోసేసి మూడో అర్థం మీద ఆధారపడే కవి కాదు తిక్కన. తెల్లని శంఖకాంతి జెండా అంతా పరుచుకున్నట్టు చూస్తేనే ‘ప్రభాకలిత’కు నిండుదనం. నా ఓటు శంఖానికే, మూలంతో కలవకపోయినా సరే.

జమ్మిచెట్టు:
కపి జెండాను చీల్చే చోట తెలుగు కర్ణపర్వంలో తిక్కన ఏ మాట వాడారో చూస్తే సగం తేలుతుంది. అక్కడా శంఖమే ఉంటే పాతప్రతి గారు చెప్పిన ‘ముందే సర్దారు’ అన్న వాదానికి బలం.

సీసమాలిక:
చూడండి, తప్పకుండా. అది చూసేటప్పుడే ‘సిడము’ను ఎక్కడెక్కడ వాడారో కూడా గుర్తుపెట్టండి. కొందరు ‘సిడెము’ అని చదువుతున్నారు. రెండూ మూడు లఘువులే, గణం తేడా రాదు, యతి కూడా ‘సి’ మీదే. చెవికి మాత్రం ‘శిఖర... సిడము’ అన్నప్పుడు వచ్చే గట్టిదనం ‘సిడెము’లో రాదు.

అరసున్న:
‘సిడెము’ తప్పేమీ కాదండీ, నిఘంటువులు రెండు రూపాలూ ఇచ్చాయి. ‘తరువగు’ తర్వాత ‘సిడెము’ అంటేనే నాలుక తేలిగ్గా తిరుగుతుంది. పాడి చూడండి.