ట్రీ శాడిల్‌లో (వేటకి చెట్టుకి వేలాడుతూ కూర్చునే జీను) పది నిమిషాలు కూడా కూర్చోలేకపోతున్నా. ఎవరైనా వాడుతున్నారా?

వెనకపెరటి విలుకాడు:
పొద్దున్నుంచి పెరట్లో మేపుల్ చెట్టుకి వేలాడుతున్నా. ఉండేది పెన్సిల్వేనియాలో. నాలుగేళ్లుగా ఆర్చరీ సీజన్‌లో జింకల వేటకి వెళ్తున్నా, ఎప్పుడూ క్లైంబర్ స్టాండే, అదే చెట్టుని పట్టుకుని మనతో పాటు పైకి ఎక్కే కుర్చీ. ఇరవై పౌన్ల ఇనుము వీపున వేసుకుని చీకట్లో అరమైలు నడిస్తే చెట్టు చేరేసరికే చొక్కా తడిసిపోతుంది, ఆ చెమట వాసనకి జింకలు దరిదాపులకి రావు. పైగా దానికి కరెంటు స్తంభంలాంటి చెట్టు కావాలి, మధ్యలో ఒక్క కొమ్మున్నా ఎక్కదు. అందుకే ఈసారి శాడిల్‌కి మారా.

ఊయలలా ఉంటుందన్నారు. నాకైతే చెరుకు గానుగలో నడుం పెట్టినట్టుంది. ఐదు నిమిషాలకి తుంటి రెండు పక్కలా నొక్కేస్తోంది, పది నిమిషాలకి తొడలు తిమ్మిరెక్కుతున్నాయి. టెథర్, అదే చెట్టుకి కట్టి మనం వేలాడే తాడు, పైకి జరిపా, కిందకి జరిపా, వీడియోల్లో చెప్పినవన్నీ చేశా. మూడు గంటలు పోయాయి. మా ఆవిడ కిటికీలోంచి "దిగుతావా, అన్నం అక్కడికే పంపనా" అంటోంది. శనివారం అడవికి వెళ్లాలి. ఏం చెయ్యాలి?

రెండు ముక్కలు:
శాడిల్ ముందుండే బ్రిడ్జి తాడు పొడవెంత? టెథర్ ఎంత ఎత్తులో ఉంది?

వెనకపెరటి విలుకాడు:
అన్నీ మామూలుగానే ఉన్నాయండీ.

రెండు ముక్కలు:
మామూలు అంటే ఎన్ని అంగుళాలు?

పాలపిట్ట:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. జింకని చంపడానికి ఇన్ని తాళ్లా! మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ఉంది, జింక మీద చెయ్యి వేస్తే జైలే. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక, ఆంధ్రది కృష్ణ జింక. అక్కడికి వెళ్లగానే అన్నీ మర్చిపోతారా?

వెనకపెరటి విలుకాడు:
ఇది తెల్లతోక జింక అండీ, అదే వైట్‌టెయిల్. లైసెన్స్ ఉంది, ట్యాగ్ ఉంది, వేట క్లాసు పాసయ్యాకే ఇచ్చారు. ఇక్కడ ఇవి ఎన్నంటే, నా కారుకే రెండుసార్లు అడ్డం వచ్చాయి. నా నడుం సంగతి చెప్పండి ముందు.

క్యూలో పన్నెండేళ్లు:
బ్రో, వీసా ఏంటి? హెచ్1బీ అయితే జాగ్రత్త. ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది కానీ, లాయర్‌ని అడక్కుండా ముట్టుకోకు. ఇంకోటి, మీ దగ్గర రైఫిల్ సీజన్ 2019 నుంచి థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారమే మొదలవుతోంది, అంతకుముందు సోమవారం ఉండేది. అప్పుడు తల, ఛాతీ, వీపు మీద కలిపి 250 చదరపు అంగుళాల నారింజ రంగు కనపడాలి. చెట్టు మీదున్నా సరే.

వెనకపెరటి విలుకాడు:
నాది విల్లు!! తుపాకీ ఎవరన్నారు?

తాటివనం:
తమ్మీ, నువ్వు చెప్పేదంతా మా తాత చేసిన పనే. నల్గొండ దిక్కు తాటిచెట్లు ఎక్కెటోడు. నడుంకి మోకు, కాళ్లకి గుజి, అంతే. ఎనకకి వాలి రెండు చేతులు ఇడిచిపెట్టి గీత గీస్తుంటే కింద నిలబడి చూసేటోళ్లకి గుండె జారేది. అమెరికోళ్లు దానికే శాడిల్ అని పేరు పెట్టి వందల డాలర్లకి అమ్ముతున్నరు. జీను అనుడు ఎందుకు, మోకు అనరాదు?

చింతచిగురు:
పోలిక బాగుంది గానీ కొంచెం తేడా ఉంది అన్నా. మోకు చెట్టు చుట్టూ, మనిషి నడుం చుట్టూ తిరుగుతుంది, ఎక్కే కొద్దీ దాన్ని పైకి ఎగదోస్తారు. ఇక్కడ దానికి సాటి వచ్చేది చెట్టు ఎక్కేటప్పుడు నడుంకి కట్టుకునే లైన్‌మన్ బెల్ట్. శాడిల్ అంటే పిర్రల కింద పట్టే గుడ్డ. దాని రెండు చివర్లనీ ముందువైపు కలిపే చిన్న తాడు బ్రిడ్జి. ఆ బ్రిడ్జిని పైన చెట్టుకి కట్టిన టెథర్‌కి తగిలిస్తాం. బరువంతా పైనుంచే వేలాడుతుంది. కాలు జారినా ఉన్నచోటే ఆగుతాం, టెథర్‌లో వదులు లేకుండా చూసుకుంటే. మోకుతో ఆ ధీమా లేదు, పట్టు తప్పితే మోకుతో సహా జారిపోతారు, ఒక్కోసారి తలకిందులుగా వేలాడతారు. అందుకే కదా 2024 జూలైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో గీత కార్మికులకి కాటమయ్య రక్ష కవచం అనే సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు.

తాటివనం:
కిట్టు సంగతి నాకు తెల్వదా. మా చిన్నాయనకి వచ్చింది. అయినా మోకు మోకే.

కోనసీమ కుర్రాడు:
గుజి అంటే ఏంటండీ? మా వైపు కాళ్లకి వేసుకునేదాన్ని బందం అంటారు.

తాటివనం:
అదే ఇది. మీరు తప్పు పేరు పెట్టుకున్నరు.

కోనసీమ కుర్రాడు:
తప్పేంటండీ బాబూ, మా తాతా ఎక్కాడు. కొబ్బరి.

చింతచిగురు:
విలుకాడు గారూ, మీరు ఇంకా ఉన్నారా? వరసగా చూడండి. నేలకి రెండడుగుల ఎత్తులోనే ప్రాక్టీసు చెయ్యండి, ఎక్కువొద్దు. చెట్టుకి ఆనకుండా కాళ్ల మీద వెనక్కి వాలి నిలబడాలంటే టెథర్ సుమారు నుదుటి ఎత్తులో ఉంటే చాలు. మోకాళ్లు చెట్టుకి ఆనించి కూర్చోవాలంటే ఇంకాస్త పైకి. గంటల తరబడి ఒకే భంగిమలో ఎవరూ ఉండలేరు, అటూ ఇటూ మారుతుండాలి. శాడిల్ గుడ్డ కింది అంచు పిర్రల కిందకి రావాలి, నడుం మీదుంటే కోసేస్తుంది. తొడల చుట్టూ వచ్చే కాలి పట్టీలు వదులుగా ఉండాలి, బరువు వాటి మీద పడకూడదు. జేబుల్లో ఫోనూ తాళాలూ తీసెయ్యండి. అన్నిటికన్నా ముఖ్యం బ్రిడ్జి. అది ఎంత పొట్టిగా ఉంటే తుంటిని రెండు పక్కల నుంచీ అంత గట్టిగా దగ్గరికి లాగుతుంది. పొడుగు పెంచండి. వాలినప్పుడు కూడా కారబైనర్, అదే బ్రిడ్జిని టెథర్‌కి తగిలించే కొక్కెం, చేతికి అందాలి, అదే హద్దు.

అన్నట్టు, మీది కుడిచేతి వాటమైతే జింక మీ ఎడమవైపు నుంచి వచ్చేలా చెట్టు ఎంచుకోండి. స్టాండ్‌లో చెట్టు మన వీపువైపు ఉంటుంది, ఇక్కడ ముందుంటుంది కాబట్టి చెట్టుకి ఏ పక్కన ఉండాలన్న స్టాండ్ లెక్క ఇక్కడ పనికిరాదు.

వెనకపెరటి విలుకాడు:
కాలి పట్టీలు బాగా బిగించా, సేఫ్టీ కదా అని. ఫోన్ జేబులోనే ఉంది. బ్రిడ్జి మాత్రం పెంచలేను. ఇది ఆఫీసులో ఒకతను వాడి ఇచ్చేసిన శాడిల్. అతను ఆరున్నర అడుగులు, నేను ఐదున్నర. బ్రిడ్జి మరీ పొడుగైపోయిందని మధ్యలో ఒక ముడి వేసి కుదించా.

రెండు ముక్కలు:
ముడి తియ్.

చింతచిగురు:
అయ్యో! ఇది మొదట్లోనే చెప్పాల్సింది కదండీ. నొప్పి ఒక ఎత్తు, ముడి వేస్తే తాడు బలం తగ్గడం ఇంకో ఎత్తు. ముడి దగ్గర తాడు వంగి, తెగితే అక్కడే తెగుతుంది. ఇరవై అడుగుల ఎత్తులో మీ ప్రాణం ఆ ముడి మీదే ఉండేది. బ్రిడ్జికి పొడవు సర్దుకునే ప్రూసిక్ ముడి ఉందేమో చూడండి, అది తాడు చుట్టూ పట్టుకునేది, తాడులోనే వేసేది కాదు. అయినా ఎన్నేళ్లదో తెలియని పాత తాడు, మార్చెయ్యండి. టెథర్ కూడా ఆయనదేనా?

క్యూలో పన్నెండేళ్లు:
సెకండ్ హ్యాండ్‌లో తాడూ హెల్మెటూ కొనకూడదు బ్రో.

పాలపిట్ట:
జింక బతికింది.

తాటివనం:
మా తాత ఎవలిదో మోకు ఏనాడు ముట్టలే. మోకు అరువియ్యరు, అరువు తీసుకోరు.

వెనకపెరటి విలుకాడు (రెండు రోజుల తర్వాత):
ముడి తీసేసి, పట్టీలు వదులు చేసి నేల దగ్గరే ముప్పావుగంట కూర్చున్నా. తిమ్మిరి లేదు. తుంటి కొంచెం నొక్కుతోంది, చూడాలి. టెథర్ కూడా అతనిదే, రెండూ కొత్తవి ఆర్డర్ పెట్టా, సోమవారానికి గానీ రావు. ఈ శనివారం క్లైంబరే మొయ్యాలి. థాంక్స్ అందరికీ.

కోనసీమ కుర్రాడు:
బందమే కరెక్టు. మా నాన్ననీ అడిగా.