పరిశోధకుల ర్యాంకింగ్‌కి హెచ్-ఇండెక్స్ ఒక్కటి చాలుతుందా?

యలహంక_సీఎస్ (ప్రశ్న)
మా డిపార్ట్‌మెంట్‌లో వచ్చే ఏడాది ఉపన్యాసాలకి దేశంలోని ప్రముఖ కంప్యూటర్ సైన్స్ పరిశోధకులు 30 మందిని ఎంచాలి. గూగుల్ స్కాలర్‌లో హెచ్-ఇండెక్స్ (పేపర్లకి వచ్చిన సైటేషన్లు, అంటే వేరే పేపర్లు వాటిని ఉదహరించిన సార్లు, చూసి పరిశోధకుడికి వేసే అంకె) చూసి పై నుంచి పేర్చేస్తే సరిపోతుందని కమిటీలో ఒకరంటున్నారు. అలా పేర్చి చూస్తే మెషిన్ లెర్నింగ్, ఇమేజ్ ప్రాసెసింగ్ వాళ్లే నిండిపోయారు. అల్గారిథమ్స్, లాజిక్ వైపు నుంచి ఒక్కరూ లేరు. డేటా ఎక్కడ తీసుకోవాలి, లెక్క ఎలా వేయాలి?

జయనగర్_డేటా
లెక్క సంగతి తర్వాత, ముందు పేర్లు తేల్చుకోండి. మనవాళ్ల ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, మరోచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. దాంతో ఒకే మనిషి మూడు ప్రొఫైళ్లుగా చీలిపోతారు. లేదా నలుగురు శ్రీనివాస రావులు ఒకే ప్రొఫైల్లో కలిసిపోతారు. డీబీఎల్‌పీలో (కంప్యూటర్ సైన్స్ పేపర్ల సూచిక సైట్) ఒకే పేరున్న వాళ్లకి చివర 0001, 0002 అని అంకె తగిలిస్తారు కాబట్టి అక్కడ మొదలుపెట్టండి. తర్వాత ఓపెన్‌అలెక్స్‌లో (అన్ని రంగాల పేపర్లూ ఉండే ఉచిత డేటాబేస్) అదే మనిషి ఐడీ పట్టుకుని పేపర్ల సంఖ్య పోల్చండి. తేడా బాగా ఉంటే జాబితా తెరిచి, పనిచేసిన సంస్థ, సహరచయితల పేర్లు చూసి తేల్చాలి. 30 మంది కావాలంటే కనీసం వందమందికి ఇది చేయక తప్పదు.

ఇంకో చిక్కు: ఒకే పని ఆర్కైవ్‌లో (arXiv, అచ్చుకి ముందే పేపర్లు పెట్టే సైట్), కాన్ఫరెన్స్‌లో, జర్నల్లో మూడు రికార్డులుగా ఉంటుంది. వాటిని కలిపేటప్పుడు సైటేషన్లు కూడేయకండి. రెండు రూపాలనూ ఉదహరించిన పేపర్ రెండుసార్లు పడుతుంది. ఉదహరించిన పేపర్ల జాబితాలు కలిపి, డూప్లికేట్లు తీసేసి లెక్కపెట్టాలి.

గూగుల్ స్కాలర్‌ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. స్వీయ సైటేషన్లు తీసేసే వీలు లేదు, ప్రోగ్రామ్‌తో డేటా లాగడానికి అధికారిక ఏపీఐ కూడా లేదు. 2010లో ఫ్రెంచ్ పరిశోధకుడు సిరిల్ లాబే యంత్రంతో రాయించిన దొంగ పేపర్లు ఒకదాన్నొకటి ఉదహరించేలా పెట్టి, ఐక్ ఆంట్‌కేర్ అనే లేని మనిషికి హెచ్-ఇండెక్స్ 94 తెప్పించి చూపించారు.

తరమణి_థియరీ
మీ జాబితాలో థియరీ (అల్గారిథమ్స్, లాజిక్) వాళ్లు ఎందుకు లేరో హెచ్-ఇండెక్స్ నిర్వచనంలోనే ఉంది. 2005లో హిర్ష్ ప్రతిపాదించిన లెక్క ఇది: కనీసం h సైటేషన్లు చొప్పున ఉన్న పేపర్లు h ఉంటే ఆ h మీ అంకె. ఒకరికి 5 పేపర్లున్నాయి అనుకోండి: 5000, 3000, 40, 10, 3. అయిదో దానికి 5 లేవు కాబట్టి h = 4. మరొకరికి 12 పేపర్లు, ఒక్కోదానికి 12. మొత్తం 144 సైటేషన్లే అయినా h = 12. తక్కువ పేపర్లు రాసే రంగానికి దీనితో న్యాయం జరగదు. పైగా అంకె ఎప్పుడూ తగ్గదు కాబట్టి వయసు కూడా ర్యాంకైపోతుంది.

స్టాన్‌ఫర్డ్ 2 శాతం జాబితాని (సైటేషన్ల లెక్కన ప్రపంచంలో పై 2 శాతం శాస్త్రవేత్తల జాబితా) కూడా నేరుగా ఎత్తుకోవద్దు. దాని మిశ్రమ స్కోరులోని ఆరు కొలతల్లో రెండు, మొదటి లేదా చివరి రచయిత ఎవరన్న దాని మీద ఆధారపడతాయి. థియరీలో పేర్లు అక్షరక్రమంలో వేస్తారు. ఇంటిపేరు A తో మొదలైతే లాభం, M తో మొదలైతే నష్టం. దీనికీ పని నాణ్యతకీ సంబంధమే లేదు.

యలహంక_సీఎస్
థాంక్స్ అండీ. ఫీల్డ్-వెయిటెడ్ సైటేషన్ ఇంపాక్ట్ వాడితే రంగాల తేడా పోతుందా? సీఎస్‌ర్యాంకింగ్స్ సంగతేంటి?

జయనగర్_డేటా
కొంతవరకే పోతుంది. ఈ కొలత ఒక పేపర్ సైటేషన్లని అదే రంగం, అదే ఏడాది, అదే రకం పేపర్లతో పోలుస్తుంది, 1.00 అంటే ప్రపంచ సగటు. కానీ ఈ కొలత వచ్చే స్కోపస్ డేటాబేస్‌లో రంగం నిర్ణయమయ్యేది పేపర్‌ని బట్టి కాదు, అది అచ్చయిన చోటుని బట్టి. స్ప్రింగర్ వారి లెక్చర్ నోట్స్ సిరీస్‌కి థియరిటికల్ కంప్యూటర్ సైన్స్ ముద్ర ఉంది. దాంట్లో వచ్చిన ఇమేజ్ ప్రాసెసింగ్ పేపర్ కూడా థియరీ పేపర్ల పక్కన కూర్చుంటుంది. అందుకే రంగాన్ని మీరే చేత్తో గుర్తించండి. సీఎస్‌ర్యాంకింగ్స్ సైటేషన్లు చూడదు. ఎంపిక చేసిన కాన్ఫరెన్స్ పేపర్లని రచయితలకి సమానంగా పంచి, సంస్థలకి ర్యాంకులిస్తుంది.

తరమణి_థియరీ
నా సలహా: 30 స్థానాల్ని 10 ఉపరంగాలకి మూడేసి చొప్పున ముందే పంచేయండి. ఒక్కో ఉపరంగంలో గత అయిదారేళ్ల పేపర్లే తీసుకుని, స్వీయ సైటేషన్లు తీసేసి, మిగిలిన సైటేషన్లని రచయితల సంఖ్యతో భాగించి, పైన వచ్చిన పదిమందిని పక్కన పెట్టండి. అక్కడితో అంకెల పని అయిపోయింది. ఆ పదిమందిలో ముగ్గురిని ఎంచాల్సింది ఆ ఉపరంగం తెలిసిన ఇద్దరు, ఒక్కొక్కరివి మూడు పేపర్లు చదివి. వాళ్లకి సైటేషన్ పట్టిక మాత్రం పంపకండి, అంకె కనిపిస్తే చదవడం ఆగిపోతుంది.