మన ఊళ్ళ గోడల మీద బొమ్మలు వేసేవాళ్ళ పనిని వరసగా గమనించడం ఎలా?

మూడులాంతర్ల_అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది విజయనగరం, ఉద్యోగం ఆమదాలవలసలో. రోజూ రైలు దిగి ఇంటికి నడిచి వచ్చే దారిలో గోడల ఫోటోలు తీయడం అలవాటైంది. మొదట్లో బొమ్మ నచ్చితే తీసేదాన్ని. ఇప్పుడు వేసింది ఎవరు, వాళ్ళ చెయ్యి ఎలా మారుతోంది అన్నది పట్టుకోవాలని ఉంది.

మన దగ్గర గోడ బొమ్మల్లో చాలావరకు స్వచ్ఛ సర్వేక్షణ్ రోజుల్లో వేయించినవే. తడి చెత్త, పొడి చెత్త, మొక్కలు, సిరిమాను, గంటస్తంభం. వేయించిన వాళ్ళ పేరు పెద్దగా ఉంటుంది. వేసిన మనిషి పేరు ఎక్కడా ఉండదు, నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. అయినా కొన్ని చేతులు గుర్తుపడుతున్నాను. ఒకరు మనుషుల వేళ్ళు బాగా పొడుగ్గా వేస్తారు, గోళ్ళు అసలు వేయరు. ఇంకొకరు స్ప్రేతో తెలుగు అక్షరాలే వేస్తారు.

ఈ మధ్య ఒక స్కూలు ప్రహరీ మీద ఈ రెండు చేతులూ కలిశాయి! తప్పెటగుళ్ళు (మన వైపు జానపద నృత్యం) ఆడే కళాకారుడు గాల్లోకి ఎగిరి ఉన్నాడు, ఆయన కాళ్ళ చుట్టూ, గజ్జెల చుట్టూ అక్షరాలు తిరుగుతున్నాయి. అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

నేను అడిగేది ఇదీ. ఫోటోలు ఆర్టిస్టు వారీగా దాచాలా, గోడ వారీగానా? కలిసి వేసిన గోడలో ఎవరి పని ఎంతో ఎలా తెలుస్తుంది? ఇన్‌స్టాలో వెతికితే పూర్తయిన బొమ్మలే కనిపిస్తున్నాయి, పాతవి దొరకడం లేదు.

పాతకుంచె_శ్రీకాకుళం

అమ్మా, గోడ వారీగా దాచు.

ఫ్లెక్సీలు రాకముందు నుంచీ నేను శ్రీకాకుళంలో బోర్డులు, గోడ రాతలు రాసినవాణ్ణి. ఆర్టిస్టు వారీగా మొదలుపెడితే నీకు నచ్చినవి, నువ్వు గుర్తుపట్టగలిగినవే పోగవుతాయి. అదే గోడ అయితే, ముందు దాని మీద ఏముంది, దాన్ని చెరిపి ఎవరు ఏం వేశారు, ఏ మూల ఖాళీ వదిలారు అన్నీ ఒకచోట ఉంటాయి. ప్రతిసారీ ఒకే చోట నిలబడి గోడ మొత్తం ఒక ఫోటో తియ్యి. తర్వాత దగ్గరికి వెళ్ళి కళ్ళు, చేతులు, అక్షరాలు, కింది మూలలు. తీసిన ఫోటోని వాట్సాప్‌లో పంపుకుని దాచుకోవద్దు, తీసిన తేదీ వివరాలు అందులో పోతాయి. ఫోన్‌లోంచి నేరుగా కంప్యూటర్‌లోకి ఎక్కించు.

ఎన్నికలకు ముందు తప్పకుండా ఒక చుట్టు తిరుగు. షెడ్యూల్ వచ్చిన దగ్గర్నుంచి ప్రభుత్వ భవనాల మీది రాజకీయ రాతలు 24 గంటల్లో, బహిరంగ స్థలాల్లోవి 48 గంటల్లో, అనుమతి లేకుండా ప్రైవేటు గోడల మీద రాసినవి 72 గంటల్లో తీసెయ్యాలని ఎన్నికల సంఘం నియమం. పార్టీ రాతల మీద సున్నం కొట్టే హడావిడిలో పక్కనున్న మంచి బొమ్మ మీదా కొట్టేస్తారు. 2024లో మార్చి 16న షెడ్యూల్ వచ్చింది. అంతకుముందు తీసిన ఫోటోలు నీ దగ్గర ఉంటే వాటిని భద్రంగా దాచు, ఆ గోడల్లో కొన్ని మళ్ళీ కనిపించవు.

ఇక చెయ్యి గుర్తుపట్టడం. బొమ్మలో వేళ్ళు చూశావు, మంచి చూపు అది. అక్షరాల్లో తలకట్టు చూడు. మేం చదును కుంచెతో రాసేవాళ్ళం, తలకట్టు ఒక్క విసురులో పడాలి, చివర సన్నగా లేవాలి. స్ప్రే పట్టే కుర్రాళ్ళు మణికట్టు కాకుండా భుజం నుంచి చెయ్యి తిప్పుతారు, అందుకే వాళ్ళ సున్నాలు పెద్దగా, నిండుగా వస్తాయి. కొత్తలో చాలామంది ఇంగ్లీషు గ్రాఫిటీలో ఉండే బాణాలు, పదును మూలలు తెచ్చి మన అక్షరాలకు తగిలిస్తారు. గుండ్రటి అక్షరానికి అవి నప్పవు. కొన్నాళ్ళు పోయాక వట్రుసుడినో, క్రావడినో గోడ అంచు దాకా లాగడం మొదలుపెడతారు. అప్పుడు ఆ అక్షరం వాళ్ళది అవుతుంది. నీ అక్షరాల కుర్రాడి పాత గోడలు ఉంటే బాణాలు ఎప్పుడు మానేశాడో చూడు.

కలిసి వేసిన గోడలో ఏ రంగు దేని మీద పడిందో చూడాలి. గోడని చెరి సగం పంచుకుని వేస్తే మధ్యలో గీత ఎక్కడో తెలిసిపోతుంది. ఒకరి రంగు మీదికి ఇంకొకరి రంగు, మళ్ళీ దాని మీదికి మొదటివాళ్ళది వచ్చిందంటే ఇద్దరూ పక్కపక్కనే నిలబడి మాట్లాడుకుంటూ వేశారన్నమాట.

సీతంపేట_వైపు

మాస్టారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను.

మీ ఫోటోల్లో ఎర్ర గోడ మీద తెల్ల బొమ్మలు ఉంటే వాటిని వేరుగా చూడండి. మా వైపు గిరిజనులైన సవరల ఇళ్ళలో గోడకు ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండి కలిపిన తెల్లరంగుతో వేస్తారు. పూర్వీకుల కోసం, దేవతల కోసం వేసే బొమ్మలవి. ముందు చుట్టూ చట్రం గీసి, అంచు నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు ఉంటాయి. మహారాష్ట్ర వార్లీ బొమ్మల్లో మనిషి ఒంటికి రెండు త్రికోణాలు స్పష్టంగా కనిపిస్తాయి. సవర బొమ్మలో మనిషి ఇంకా సాగినట్టు ఉంటాడు, త్రికోణం అంత పదునుగా ఉండదు.

పట్నం గోడల మీద చాలాచోట్ల వార్లీ వేసి గిరిజన కళ అని రాసేస్తున్నారు. సవరలు ఉండే మా సీతంపేట 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యం. ఇంత దగ్గర బొమ్మని వదిలేసి ఎక్కడిదో వేయడం నాకు నచ్చదు. కలిసి పని చేయడం అంటే ఆ బొమ్మ తెలిసిన సవర ఆర్టిస్టుని పిలిచి గోడ మీద చోటివ్వాలి, డబ్బు ఇవ్వాలి, పేరు రాయాలి. అలాంటి గోడ ఎక్కడైనా కనిపిస్తే దయచేసి ఇక్కడ పెట్టండి.

బొబ్బిలి_నుంచి_వైజాగ్

అక్కా, నేను గోడలు వేస్తాను. ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీ) ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను.

ఇద్దరు ముగ్గురు కలవడానికి ఒక పెద్ద కారణం ఖర్చు. 400 మిల్లీలీటర్ల స్ప్రే డబ్బాలతో ప్రహరీ మొత్తం నింపాలంటే మా వల్ల కాదు. అందుకని వెనక రంగంతా బయటి గోడల ఎమల్షన్ రోలర్‌తో కొట్టేసి, అంచులకీ నీడలకీ మాత్రం స్ప్రే వాడతాం. రోలర్, కుంచె బాగా తెలిసినవాళ్ళు ఒకరు, స్ప్రే తెలిసినవాళ్ళు ఒకరు కావాలి. అలా కలిసినప్పుడే ఒకరి పద్ధతి ఇంకొకరికి వస్తుంది. కొలతలు కూడా అంతే. బోర్డు ఆర్టిస్టులు గళ్ళు గీస్తారు. మేం గోడ నిండా పిచ్చి గీతలు, అంకెలు రాసి, ఫోటో తీసి, ఫోన్‌లో దాని మీద బొమ్మ పెట్టి చూసుకుంటాం. మీరు పని మొదలైన రోజే వెళ్ళి ఆ గీతలు ఫోటో తీయగలిగితే పూర్తయిన బొమ్మలో దొరకనిది చాలా దొరుకుతుంది.

పెద్ద ఊళ్ళలోనూ ఇలాగే. 2014లో ఢిల్లీ పోలీసు ప్రధాన కార్యాలయం మీద గాంధీ బొమ్మని జర్మనీ ఆర్టిస్టు హెండ్రిక్ బైకిర్ష్, మన దేశపు అన్పు వర్కీ కలిసి వేశారు. హైదరాబాద్ ఎంఎస్ మక్తా గోడల మీద స్వాతి, విజయ్ అనే జంట వేసినవి చూడండి. ఇద్దరు ఒకే బొమ్మని ఎలా పంచుకుంటారో అక్కడ బాగా తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. అనుమతి లేకుండా వేసిన ట్యాగ్ (గోడ మీద స్ప్రేతో పెట్టే మారుపేరు సంతకం) కింద అసలు పేరు రాయొద్దు. బహిరంగ స్థలాలను పాడుచేయడం మీద మన రాష్ట్రంలో 1997 చట్టం ఉంది, కేసు అయితే చదువుకునే పిల్లలకి చాలా టెన్షన్. గోడ మీద ఏ పేరుంటే ఆ పేరే వాడండి. ముందు వాళ్ళని అడగండి.

మూడులాంతర్ల_అమ్మాయి

మాస్టారూ, మీరు చెప్పినట్టు స్కూలు గోడ ఫోటోలు పెద్దవి చేసి చూశాను. ఎడమ కాలి దగ్గర నీలం అక్షరం కాలి వెనక్కి పోయింది. అదే అక్షరం తోక చేతి వేళ్ళ మీదుగా వచ్చింది, దాని మీద మళ్ళీ గజ్జెల పసుపు ఉంది. అంటే పక్కపక్కనే ఉండి వేశారు! అతని పాత అక్షరాల్లో బాణాలు ఉన్నాయి, ఈ గోడలో ఒక్కటీ లేదు.

తమ్ముడూ, అసలు పేర్లు రాయను. గోడ పేరు, వీధి, తేదీ, గోడ మీది సంతకం, ఇవే పెడతాను.

పాతకుంచె_శ్రీకాకుళం

ఎరుపు కూడా చూసుకో తల్లీ. ఎండకి చాలా ఎరుపులు, పసుపులు ముందు వెలుస్తాయి, కావిరంగు నిలుస్తుంది. ఆర్నెల్లకోసారి తీస్తే ఏ రంగు వాడటం మానేశారో కూడా తెలుస్తుంది. నా దగ్గర ఏడు రోడ్ల జంక్షన్ వైపు మేం రాసిన గోడల ఫోటోలు ఉన్నాయి, రీలు కెమెరావి. స్కాన్ చేయించి పెడతాను. ఏది ఎవరి చెయ్యో ఒక్కొక్కదాని కింద రాస్తాను.

బొబ్బిలి_నుంచి_వైజాగ్

అక్కా, పొడుగు వేళ్ళు వేసేది మా సీనియర్ ఒకరు అనుకుంటున్నాను. ఈ ఆదివారం కలుస్తాను. మీ ఫోటో చూపించి అడుగుతాను, సరే అంటే ఆ గోడ మొదటి రోజు గీతల ఫోటోలు ఇక్కడే పెడతాను.