జిమ్నీకి టర్బో వేయించాలా, ఉన్న ఇంజిన్‌తోనే సరిపెట్టుకోవాలా?

కొండవీడు_జిమ్నీ, గుంటూరు:

నమస్కారమండి. నాది 2023 మారుతి జిమ్నీ, మాన్యువల్. ప్రత్తిపాడు దగ్గర మాకు మిర్చి పొలం ఉంది, అసలు ఈ బండి తీసుకుంది దానికోసమే. తారురోడ్డు దిగాక చాలాదూరం డొంకలోనే పోవాలి. వాన పడిందంటే ఆ నల్లరేగడిలో ట్రాక్టరుకే కష్టం, మామూలు కారు సంగతి చెప్పక్కర్లేదు. ఆ విషయంలో బండి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నా బాధంతా పికప్ గురించి. కాజ టోల్ దాటి విజయవాడ వైపు వస్తుంటే ముందు కంటైనర్, పక్క లైన్లో ఇంకో లారీ. సందు దొరికింది కదా అని తొక్కితే శబ్దం వస్తుంది గానీ బండి రాదు. ఈలోపు వెనక ఎవడో లైట్లు కొడుతుంటాడు. ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని కొండవీడు ఘాట్ ఎక్కితే రెండో గేరు వదలడానికి లేదు. మొన్న మా బావమరిది తన పాత డీజిల్ కారులో నన్ను దాటుతూ హారన్ కొట్టి మరీ పోయాడు.

ఒక షాపువాళ్లు టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి తోసేది) కిట్ వేస్తాం, రెండున్నర లక్షలు అవుతుంది, 140 బీహెచ్‌పీ ఖాయం అన్నారు. ఇంకొకరు ఈసీయూ రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్లో అంకెలు మార్చడం చాలు, 35 వేలు అన్నారు. బండికి ఇప్పటికే రెండంగుళాల లిఫ్ట్, 235/75 టైర్లు, ముందు స్టీల్ బంపరు, దిగబడితే తాడుతో లాగే విన్చ్, పైన క్యారియర్ ఉన్నాయి. ఏది చేయించమంటారు? రీమ్యాప్ అయితే ఇంట్లో చెప్పక్కర్లేదు, టర్బో అయితే పంచాయితీ పెట్టాలి.

బెజవాడ_బూస్ట్:

టర్బో వేసేయండి బ్రో, ఆలోచించేదేముంది? 103 బీహెచ్‌పీ అంటే ఈ రోజుల్లో హ్యాచ్‌బ్యాక్ లెక్క. ఆ లుక్కుకి ఆ ఇంజిన్ ఏంటి అసలు. మీ బావమరిదికి రివర్స్‌లో కూడా హారన్ కొట్టొచ్చు.

ఆటోనగర్_గేర్‌బాక్స్, విజయవాడ:

గుంటూరు వారికి నమస్కారం. ఆ రెండున్నర లక్షలు ప్రస్తుతానికి జేబులోనే ఉండనివ్వండి. నేను చేసేది గేర్‌బాక్సులు, క్రౌన్ పినియన్ల (యాక్సిల్ మధ్యలో చక్రాల్ని తిప్పే పళ్లచక్రాల జత) పని. కాబట్టి నా చూపు అటే పోతుంది, అది ముందే చెప్తున్నా.

మీ బండికి కంపెనీ ఇచ్చిన టైరు 195/80 ఆర్15. ఎత్తు 693 మిల్లీమీటర్లు. మీరు వేసింది 733. అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే బండి ఇదివరకటి కంటే దాదాపు 6 శాతం ఎక్కువ దూరం పోవాలి. ఉన్న ఐదు గేర్లూ ఆ మేరకు బరువెక్కాయి. పైగా ఆ టైరే బరువు. బయటి అంచున ఉన్న బరువుని తిప్పడానికి ఇంజిన్ పడే పాట్లు వేరు. మీటరు కూడా ఆ మేరకు తక్కువ చూపిస్తుంది కాబట్టి మైలేజీ పడిపోయిందని దిగులు పడుతుంటే అందులో కొంత ఉత్తదే.

ఇక సామాను. మీ బండి ఖాళీ బరువు 1200 కిలోల దరిదాపు, మొత్తం అనుమతి 1545. మధ్యలో మిగిలేది 350. నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటేనే అందులో ముప్పావు వంతు పోయింది. దాని మీద స్టీల్ బంపరు, విన్చ్, క్యారియర్. ఈమధ్య ఇలాంటి బండే ఒకటి మా షెడ్డుకొచ్చింది, ఇదే పాట, లాగట్లేదని. డిక్కీ తీస్తే జాక్ పక్కన రెండు మిర్చి టిక్కీలు (బస్తాలు)! శాంపిల్‌కి తీసుకెళ్లి మర్చిపోయారట. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీశాడు మా కుర్రాడు, తీసి వరసగా తుమ్ముతూనే ఉన్నాడు. ఫిల్టరు మడతల్లో బూడిదరంగు దుమ్ము మీద ఎర్రటి పొడి. కళ్లాల పక్కనే ఆపి ఇంజిన్ ఆన్‌లో ఉంచి మాట్లాడుకునేవాళ్ల బండి అని వేరే చెప్పాలా. ఫిల్టరు మార్చి, టిక్కీలు దించి పంపించాం. మీ ఫిల్టరు ఎప్పుడు మార్చారో ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. ఈ 1462 సీసీ ఇంజిన్‌కి 134 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) వచ్చేది 4000 ఆర్‌పీఎం దగ్గర, పూర్తి పవరు వచ్చేది 6000 దగ్గర. మీరు ఐదో గేరులో వందలో పోతుంటే ఆర్‌పీఎం మీటరు మూడు వేల దగ్గర ఉంటుంది. అక్కడ ఎంత తొక్కినా దాని దగ్గర ఇవ్వడానికి పెద్దగా ఏమీ లేదు. అదే 80లో మూడో గేరు వేసి చూడండి, మీ పెద్ద టైర్లతో కూడా 4000కి చేరుతుంది. అక్కడి నుంచి లాగుతుంది, గోల చేస్తుంది, చేయనివ్వండి. డీజిల్ టర్బో 2000కే ఊపు అందుకుంటుంది, మీ బావమరిది గేరు మార్చకుండా దాటిపోయింది అందుకే. డీజిల్ నడిపిన చేతులు పెట్రోల్ మీదకొస్తే గేరు దించడానికి బద్ధకిస్తాయి. మీరు కూడా అంతకుముందు డీజిలే నడిపి ఉంటారు.

రీమ్యాప్ సంగతి: టర్బో ఉన్న ఇంజిన్‌లో రీమ్యాప్ అంటే బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెంచుతారు, తేడా తెలుస్తుంది. మీది టర్బో లేనిది. పీల్చే గాలి అదే అయినప్పుడు కంప్యూటర్లో అంకెలు మారిస్తే వచ్చేదెంత? యాక్సిలరేటర్ స్పందన చురుగ్గా అనిపిస్తుంది, అంతవరకే. దానికి 35 వేలు నేనైతే పెట్టను.

టర్బో అయితే నిజంగానే పవర్ వస్తుంది, కాదనను. కానీ ఈ ఇంజిన్ కంప్రెషన్ 10:1, టర్బో కోసం కట్టిన ఇంజిన్ కాదు. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీల ఎండ. ఆ వేడిగాలిని టర్బో ఇంకా నొక్కి వేడెక్కించి లోపలికి తోస్తుంది. ఆ గాలిని చల్లబరిచే మంచి ఇంటర్‌కూలర్ లేకపోతే, ట్యూనింగ్ చేసినవాడికి చేతకాకపోతే నాకింగ్ (పెట్రోలు వేళ కాని వేళ పేలడం) మొదలవుతుంది. పిస్టన్ తినేశాకగానీ చాలామందికి అది తెలియదు. క్లచ్ ప్లేటు, ఇంజెక్టర్లు, రేడియేటర్ ఆ కిట్ ధరలో ఉన్నాయో లేదో అడిగారా? వారంటీ ఎలాగూ పోతుంది.

కొండవీడు_జిమ్నీ, గుంటూరు:

డీజిలే నడిపానండి, ఎనిమిదేళ్లు. ఎలా కనిపెట్టారు! కానీ టైర్లు మాత్రం తీసేది లేదు. మా డొంకలో ట్రాక్టరు చక్రాలు చేసిన గాళ్లు ఎంత లోతో మీకు తెలియదు. చిన్న టైర్లతో మధ్యగట్టు మీద డిఫరెన్షియల్ కూర్చునేది, గొలుసు కట్టి లాగించుకోవాల్సి వచ్చేది. ఇంకో సందేహం, బురదలో ఎక్కువ పవర్ ఉంటే మంచిదే కదా?

ఆటోనగర్_గేర్‌బాక్స్, విజయవాడ:

టైర్ల విషయంలో మీ మాటే కరెక్టు. లిఫ్ట్ చేస్తే బాడీ లేస్తుంది గానీ యాక్సిల్ లేవదు. యాక్సిల్‌ని లేపేది టైరు ఒక్కటే. మీకు వచ్చింది 20 మిల్లీమీటర్లు, గాళ్లలో అది పెద్ద తేడానే. చాలామంది వేసే 215/75కి మారితే మిగిలేది 5. ఉంచుకోండి.

బురదకి మాత్రం పవర్ అక్కర్లేదు. 4ఎల్‌లో (ఫోర్ వీల్ లో రేంజ్) మొదటి గేరు వేస్తే ఇంజిన్ టార్క్ చక్రాల దగ్గరికి దాదాపు 36 రెట్లై చేరుతుంది. ఇంకెంత కావాలి? మన రేగడి టైరు గడుల్లో నిండిపోయి నున్నటి గుండ్రాయిలా చేస్తుంది. అప్పుడు 140 కాదు 300 ఇచ్చినా అది అక్కడే తిరిగి గొయ్యి తవ్వుతుంది. 4ఎల్‌లో తిరిగే చక్రానికి బండే బ్రేకు వేసి అవతలి చక్రానికి బలం పంపుతుంది, దానికి ఒక క్షణం టైమివ్వాలి, కాలు స్థిరంగా ఉంచాలి. డొంక మొదట్లో టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి దించి, బయటికొచ్చాక మళ్లీ కొట్టించుకోండి. సిగరెట్ లైటర్ సాకెట్‌కి తగిలించే కంప్రెసర్ ఒకటి డిక్కీలో పడేసుకుంటే చాలు.

జిప్సీ_పెదనాన్న, మంగళగిరి:

ఈ గోల చూస్తుంటే నవ్వొస్తోంది నాయనా. 1985లో జిప్సీ వచ్చినప్పుడు 970 సీసీ, 45 బీహెచ్‌పీ, నాలుగు గేర్లు. దాన్నేసుకునే మిలటరీవాళ్లు కొండలెక్కారు, ఎడారులు తిరిగారు. తర్వాత జిప్సీ కింగ్‌లో 1.3 ఇంజిన్ ఇచ్చారు, 2000లో ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు) వచ్చి 80 అయింది. నా దగ్గరున్నది అదే. మీకు 103 ఉండి చాలట్లేదా!

మా వీధి చివర ఒకాయన తన జిప్సీకి కారు డీజిల్ ఇంజిన్ పెట్టించాడు, టార్క్ కావాలని. టార్క్ వచ్చింది, ఆ బరువుకి ముందు కమాన్ కట్టలు వాలిపోయాయి. ఏడాది తిరక్కుండా గేర్‌బాక్స్ లోపల పళ్లు రాలాయి. ఇంజిన్ ఒక్కదాన్నే మారుస్తానంటే కుదరదు, దాని వెనక ఉన్నవన్నీ నన్నూ చూడమంటాయి. ఆ బండి ఇప్పుడు చెట్టు కింద ఉంది, కోళ్లు పడుకుంటున్నాయి.

క్లెయిమ్_సర్వేయర్, గుంటూరు:

పికప్ సంగతి నాకు తెలియదు, కాగితాల సంగతి చెప్తాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్, ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. పోలీసు ఆపడం సరే, యాక్సిడెంట్ అయితే బానెట్ ఎత్తి చూసేది మేము. చెప్పకుండా పెట్టిన టర్బో కనిపిస్తే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. ముందున్న స్టీల్ బంపరు కూడా ఆ లెక్కలోకే వస్తుంది, అది వేరే కథ.

బెజవాడ_బూస్ట్:

సరే సరే, నేను ఒప్పుకోను గానీ సర్వేయర్ గారి మాటకి కొంచెం టెన్షన్ వచ్చింది.

కొండవీడు_జిమ్నీ, గుంటూరు:

నిన్న బంపరు, విన్చ్, క్యారియర్ దించేశాను. ఫిల్టరు నల్లగా ఉంది, ఎరుపు లేదు లెండి. ఉదయం నలుగురం కొండవీడు వెళ్లాం. ఎక్కుడు ఇంకా రెండో గేరే, కాకపోతే ఈసారి కాలు వదలకుండా 4000 పైన ఉంచాను, ఏసీతోనే ఎక్కింది. మూడో గేరు కూడా పడేలా ఏదైనా దారి ఉందా?

ఆటోనగర్_గేర్‌బాక్స్, విజయవాడ:

ఉంది. మీ టైరుకి సరిపడేలా క్రౌన్ పినియన్ రేషియో మార్చడం. ఇప్పుడున్నది 4.09. 6 శాతం వెనక్కి రావాలంటే 4.3 చుట్టుపక్కల పడాలి. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ రెండూ ఒకే రేషియోకి మార్చాలి. ఒకటే మారిస్తే ఫోర్ వీల్ వేయగానే రెండూ ఒకదాన్నొకటి లాక్కుని బలాన్ని రెండు యాక్సిళ్లకీ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ పోతుంది. సెట్టు తెప్పించుకోవాలి, బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఉండాల్సిన సందు) సరిగ్గా పెట్టే చెయ్యి కావాలి, లేకపోతే 60 దాటగానే కూత మొదలవుతుంది. ఇదీ మార్పు కిందికే వస్తుంది, ముందు సర్వేయర్ గారిని అడిగి రాయించుకోండి. చవకేం కాదు, కానీ టర్బో అంత ఖరీదూ కాదు. మిర్చి అమ్మాక ఫోన్ చేయండి. అప్పటిదాకా మూడో గేరు గోల భరించండి.