షుగర్‌ఫ్రీ స్వీట్లు మాన్పించినా అమ్మకు విరేచనాలు తగ్గడం లేదు

అమ్మకు 62 ఏళ్లు, 11 ఏళ్లుగా షుగర్. మెట్‌ఫార్మిన్ 500 రోజుకు రెండుసార్లు, నాలుగేళ్లుగా అదే డోసు, ఎప్పుడూ ఇబ్బంది లేదు. మూడు వారాలుగా మాత్రం తిన్న గంటకల్లా కడుపు ఉబ్బరం, రోజుకు నాలుగైదు విరేచనాలు. జ్వరం, రక్తం లేవు.

అప్పుడే షుగర్‌ఫ్రీ సున్నుండలు మొదలుపెట్టింది. డబ్బా మీద మాల్టిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) అని ఉంది. అది ఎక్కువైతే విరేచనాలవుతాయి కదా, వెంటనే మాన్పించాం. రెండు రోజులు తగ్గి మళ్లీ మొదలయ్యాయి. టీలో సుక్రలోజ్ బిళ్లలు ఐదు రోజులు ఆపాం, పాలూ మానేశాం. తేడా లేదు. మనిషి నీరసించిపోతోంది, చాలా టెన్షన్‌గా ఉంది.

నిన్న షుగర్‌ఫ్రీ టానిక్ సీసా చూస్తే అందులో మాల్టిటాల్ లాంటిదే సార్బిటాల్ ఉంది! నెల నుంచి రోజుకు రెండుసార్లు, 15 ఎంఎల్ చొప్పున తాగుతోంది. డాక్టర్ అపాయింట్‌మెంట్ సోమవారం.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి టానిక్ వల్ల విరేచనాలై ఉంటే, ఆపాక ఎన్ని రోజులకు తగ్గాయి?